పెట్టెలో ఏముంది?



పరిశుద్ధ గ్రంథంలో సామాను సోదా చేసిన సందర్భాలు ముఖ్యంగా మూడు కనిపిస్తాయి. మూడూ కుటుంబమంతా కూర్చుని చదువుకోదగినవే.

మొదటిది ఆదికాండము 31వ అధ్యాయంలో ఉంది. యాకోబు తన మామ లాబాను ఇల్లు విడిచి, భార్యాబిడ్డలతో, మందలతో స్వదేశానికి బయలుదేరాడు. రాహేలు తన పుట్టింటి కులదేవతల బొమ్మలను ఎవరికీ చెప్పకుండా మూటగట్టుకుంది. లాబాను ఏడు రోజులు వెంబడించి, గిలాదు కొండల్లో వారిని కలుసుకుని, గుడారాలన్నీ వెదికాడు. రాహేలు ఆ బొమ్మలను ఒంటె జీనులో దాచి దానిపై కూర్చుంది. ఒంట్లో బాగులేదనీ, లేవలేననీ తండ్రికి చెప్పింది. బొమ్మలు దొరకలేదు. కథ సుఖాంతమే అనిపిస్తుంది. కాని యాకోబుకు ఈ సంగతి తెలియదు. తెలియక, ఎవరి దగ్గర అవి దొరికితే వారు బ్రతకరాదని మామ ఎదుట గట్టిగా అనేశాడు. ప్రాణంగా ప్రేమించిన భార్య మీదికే తన నోటితో శిక్ష పలికాడు. తరువాత ఆమె దారిలోనే, బెన్యామీనును ప్రసవిస్తూ కన్నుమూసింది. యాకోబు మాట తగిలే అలా జరిగిందని చెప్పే యూదు వ్యాఖ్యాతలు ఉన్నారు. ఆ మాటను మనం అంగీకరించినా అంగీకరించకపోయినా, ఒకరి మూటలోని వస్తువు ఇంటిల్లిపాదికీ ముప్పు తెస్తుందన్నది మాత్రం ఆ కథలోనే ఉంది.

రెండవది యెహోషువ గ్రంథము 7వ అధ్యాయం. యెరికో పట్టణం పడిపోయినప్పుడు అక్కడి సొత్తు ఎవరూ ముట్టరాదని ఆజ్ఞ. ఆకాను అనేవాడు ఒక చక్కని షీనారు దేశపు అంగీని, కొంత వెండిని, ఒక బంగారు కడ్డీని చూశాడు. ముచ్చటపడ్డాడు. తెచ్చి తన గుడారంలో గొయ్యి తవ్వి పాతిపెట్టాడు. ఆ తరువాత హాయి ఊరిమీదికి వెళ్ళిన ఇశ్రాయేలీయులలో 36 మంది చనిపోయారు. వారికి ఆ అంగీ రంగైనా తెలియదు.

మూడవది మళ్ళీ ఆదికాండమే, 44వ అధ్యాయం. బెన్యామీను గోనెలో వెండి గిన్నె దొరికింది. దాన్ని వాడు పెట్టలేదు, ఎవరో పెట్టారు. దొరికింది మాత్రం వాడి గోనెలో.

దాచినవారు, ముచ్చటపడినవారు, ఏమీ తెలియనివారు. నేడు విమానాశ్రయంలో కస్టమ్స్ బల్ల ముందు తలవంచుకుని నిలబడేవారిలో ఈ మూడు రకాలవారూ కనిపిస్తారు.

ఈ సంగతి మనకెందుకు, మనం చోడవరం చుట్టుపక్కల చెరకు, వరి చేసుకునేవాళ్ళం కదా అనవచ్చు. నిజమే, గోవాడ చక్కెర మిల్లు కూతతో పొద్దు గడిచిన తరం మనది. కాని ఆ తరం బిడ్డలు ఇప్పుడు గల్ఫులో ఉన్నారు, ఆస్ట్రేలియాలో చదువుతున్నారు, అమెరికాలో కాపురాలు పెట్టారు. మన చోడవరం 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలో చేరింది గాని, విమానం ఎక్కాలంటే ఇంకా విశాఖపట్నానికే వెళ్ళాలి. ఆ విశాఖ విమానాశ్రయంలోనే 2024 నవంబరులో, థాయిలాండు నుంచి వచ్చిన ప్రయాణికుల సామానులో కేకు డబ్బాల్లో దాచిన ఆరు నీలినాలుక బల్లులను అధికారులు పట్టుకున్నారు. ప్రాణమున్న బల్లులు, కేకు డబ్బాల్లో! ఇద్దరు అరెస్టయ్యారు. అక్రమ వ్యాపారం ఎక్కడో ముంబయిలోనో, మద్రాసులోనో జరుగుతుందనుకునే రోజులు పోయాయి.

అయితే నేను ఇక్కడ మాట్లాడదలచింది ఆ వ్యాపారుల గురించి కాదు. వారు ఈ పత్రిక చదవరు. ముచ్చటపడి కొని, పెట్టెలో పెట్టుకుని వచ్చే మంచివారి గురించి, ఆదివారం పూజకు తప్పని కుటుంబాల గురించి.

యాత్రకు వెళ్ళినవారు జ్ఞాపకంగా ఏదైనా తెచ్చుకోవడం పాపం కాదు. మన శ్రీసభ సంప్రదాయంలోనే అది ఉంది. స్పెయిన్ దేశంలో పునీత యాకోబుగారి సమాధిని దర్శించిన యాత్రికులు వందల ఏళ్ళుగా ఒక సముద్రపు చిప్పను గుర్తుగా ధరిస్తున్నారు. వేళాంగణ్ణి మాతను చూసి వచ్చినవారి ఇంట గవ్వల దండో, గవ్వలు అతికించిన మేరీమాత స్వరూపమో ఉండనే ఉంటుంది. పుణ్యభూమికి వెళ్ళినవారు ఆలివు కర్రతో చేసిన జపమాలలు తెస్తారు. ఆలివు చెట్టు ఏ నిషేధ జాబితాలోనూ లేదు, నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. అదే యాత్రలో ఎర్ర సముద్రపు ఒడ్డున కాలికి తగిలిన పగడపు కొమ్మను సంచిలో వేసుకుంటే మాత్రం కథ మారిపోతుంది. అక్కడ ఈజిప్టు ప్రభుత్వం పగడాలనూ గవ్వలనూ ఏరుకుపోవడాన్ని నిషేధించింది. ఒడ్డున పడి ఉన్నదే కదా అంటే ఒప్పుకోరు.

చట్టం సంగతి కొంచెం విపులంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాళ్ళలో చాలామందికి ఇది పులులను చంపేవారికే సంబంధించిన చట్టం అనే అభిప్రాయం ఉంది.

అంతరించిపోయే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1973 మార్చి 3న వాషింగ్టనులో దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని పొట్టిగా సైటిస్ అంటారు. అది 1975 జూలై 1న అమలులోకి వచ్చింది. 1976లో మన దేశం చేరింది. నేడు 180కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి, మనవాళ్ళు వెళ్ళే గల్ఫు దేశాలతో సహా. ఒప్పందంలో మూడు జాబితాలు ఉంటాయి. మొదటి జాబితాలోని వాటితో వ్యాపారమే కూడదు. పులి, మన ఏనుగు, సముద్రపు తాబేళ్ళు, మన ఏజెన్సీ కొండల్లో కూడా బ్రతికే అలుగు ఇందులోనివే. మన నక్షత్ర తాబేలు 2019లో ఈ జాబితాలోకి ఎక్కింది, దాన్ని పెంచుకోవాలనే వేడుకతో పరదేశాల్లో కొనేవారు అంతగా పెరిగారు మరి. రెండవ జాబితాలోనివి తీసుకువెళ్ళాలంటే అనుమతి పత్రం కావాలి. దిబ్బ పగడాలు, సముద్రగుర్రాలు, మన శేషాచలం ఎర్రచందనం ఇందులో ఉన్నాయి. మూడవది ఏదైనా ఒక దేశం తన జీవులను కాపాడుకోవడానికి ఇతరుల సాయం కోరినప్పుడు చేర్చేది.

సొంత వాడుక వస్తువులకు మినహాయింపు ఉందట కదా అని కొందరు అడుగుతారు. ఉంది. కాని మొదటి జాబితాలోని జంతువు వస్తువును పరాయి దేశంలో కొని ఇంటికి తెచ్చుకుంటే ఆ మినహాయింపు వర్తించదు. మిగతావాటి విషయంలో కూడా ఏ దేశానికాదేశం ఇంకా గట్టి నియమం పెట్టుకోవచ్చు, పెట్టుకున్నాయి కూడా. విమానాశ్రయం దుకాణంలోనే అమ్మారండీ, రసీదు కూడా ఇచ్చారండీ అంటే సరిపోదు. ఆ రసీదు కొన్నట్టు రుజువు మాత్రమే, తీసుకువెళ్ళడానికి అనుమతి కాదు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. దాన్ని 2022లో సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. మొదటి షెడ్యూలులోని జంతువుకు సంబంధించిన నేరమైతే మూడేళ్ళకు తగ్గని, ఏడేళ్ళ వరకు జైలు. జుల్మానా 25,000 రూపాయలకు తగ్గదు. మూడేళ్ళకు తగ్గకూడదని చట్టమే చెప్పినప్పుడు జడ్జిగారు జాలిపడినా చేయగలిగింది తక్కువ. దీనికితోడు 1962 నాటి కస్టమ్స్ చట్టం ఉండనే ఉంది, వస్తువు జప్తు, దానిపై జరిమానా, కొన్ని సందర్భాల్లో మళ్ళీ ఏడేళ్ళ వరకు జైలు. బయటి దేశాల సంగతి చూస్తే ఆస్ట్రేలియాలో 1999 నాటి చట్టం కింద వన్యప్రాణులను అక్రమంగా దాటించినవారికి పదేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. అమెరికాలోని లేసీ చట్టం 1900 నాటిది. ఒక జంతువును ఏ దేశంలోనైనా ఆ దేశపు చట్టానికి విరుద్ధంగా పట్టి తెస్తే, అమెరికాలో కూడా అది నేరమే అంటుంది ఆ చట్టం.

మన చట్టంలో రెండు మాటలు తల్లిదండ్రులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఒకటి 57వ సెక్షను. అలాంటి వస్తువు ఎవరి దగ్గర దొరుకుతుందో వారు దాన్ని అక్రమంగానే ఉంచుకున్నారని న్యాయస్థానం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసినది ఆ మనిషే. బెన్యామీనును గుర్తుచేసుకోండి! రెండవది 39వ సెక్షను. చట్టానికి విరుద్ధంగా చంపిన జంతువు, దాని గోరు, చర్మం, దంతం ప్రభుత్వపు ఆస్తి, అంటే ప్రజలందరి ఆస్తి. నా ఇంట్లో ఉంది కాబట్టి నాది అనడానికి లేదు. ఏడవ ఆజ్ఞ ఇక్కడికి నేరుగా వస్తుంది. కతోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా సృష్టిపట్ల చూపవలసిన గౌరవాన్ని ఏడవ ఆజ్ఞ కిందనే, 2415వ పేరాలో బోధించింది. ఎవరో చాదస్తులు కొత్తగా తెచ్చిపెట్టిన పాపం కాదిది.

ఇంట్లోకి వద్దాం. నెమలీకలు. చిన్నప్పుడు పుస్తకంలో నెమలీక పెట్టి, దానికి మేత వేస్తే పిల్ల పెడుతుందని కాచుకుని కూర్చోని పిల్లలు మన ఊళ్ళలో ఉన్నారా? రాలిపడిన నెమలీకను ఇంట్లో ఉంచుకోవడం, దేశంలో కొనుక్కోవడం తప్పు కాదు, చట్టం దానికి వెసులుబాటు ఇచ్చింది. కాని నెమలీకలనూ వాటితో చేసిన విసనకర్రలనూ దేశం దాటించడం నిషేధం. మనవడు దుబాయిలో ఆడుకుంటాడని అమ్మమ్మ ప్రేమతో పెట్టెలో పెట్టిన కట్ట కస్టమ్స్‌వారి దృష్టిలో నిషిద్ధ ఎగుమతి. నెమలి మన జాతీయ పక్షి, మొదటి షెడ్యూలులో ఉన్నది.

గవ్వలు, పగడాలు. 2001 జూలైలో కేంద్ర ప్రభుత్వం సముద్రగుర్రాలను, సముద్ర దోసకాయలను, దిబ్బ పగడాలను, కొన్ని రకాల గవ్వలను, శంఖాలను రక్షణ జాబితాలో చేర్చింది. గవ్వలన్నీ నిషేధం కాదు. అయితే ఏది ఏ రకమో మనకు తెలియదు, చాలాసార్లు అమ్మే పిల్లవాడికీ తెలియదు. తెలియనప్పుడు సరిహద్దు దాటించకపోవడమే క్షేమం. ఒక చిన్న ముచ్చట చెప్పి ముందుకు వెళతాను. రెండు చేతులా ఎత్తలేనంత పెద్ద ఆల్చిప్ప ఒకటి ఉంటుంది, సముద్రంలో పగడపు దిబ్బల మధ్య బ్రతుకుతుంది. పాత రోజుల్లో ఐరోపాలో దాన్ని దేవాలయ ద్వారం దగ్గర తీర్థజలపు తొట్టిగా వాడేవారు. పారిస్‌లోని పునీత సుల్పీసు దేవాలయంలో అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. ఫ్రెంచి భాషలో తీర్థపు తొట్టికీ ఆ ఆల్చిప్పకూ ఒకటే పేరు! ఆ జీవి కూడా ఇప్పుడు రక్షణ జాబితాల్లో ఉంది. ఒకనాడు భక్తితో తెచ్చినదే అయినా, ఈనాడు అదే భక్తితో తెస్తానంటే కుదరదు.

దంతం మాట వచ్చేసరికి మనం కొంచెం సిగ్గుపడక తప్పదు. మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారాన్ని 1986లో నిషేధించారు. అంతర్జాతీయంగా ఆఫ్రికా ఏనుగు దంతంపై 1989లో నిషేధం తీర్మానించారు. కాని 2012లో నేషనల్ జాగ్రఫిక్ పత్రిక ఫిలిప్పీన్సులో బాలయేసు, మరియమాత స్వరూపాలను ఇంకా దంతంతో చెక్కిస్తున్నారని రాసినప్పుడు, అది మన కతోలికుల గురించే రాసింది. మరుసటి ఏడు, 2013 జూన్‌లో, ఫిలిప్పీన్సు ప్రభుత్వం తన దగ్గర పోగుపడిన అయిదు టన్నుల దంతాన్ని బహిరంగంగా ధ్వంసం చేసింది. దంతం కోసం ఏనుగును చంపుతారు, ఊడిపడేదాకా ఎవరూ ఆగరు. అటువంటి దంతంలో, గొర్రెపిల్లవలె వధకు అప్పగింపబడిన ప్రభువు రూపాన్ని చెక్కి, దాని ముందు మోకరిల్లడం ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి. చెక్క సిలువ ముందు చేసిన ప్రార్థనను దేవుడు తక్కువగా వింటాడా?

సొలోమోను మహారాజు దంతాలు, కోతులు, నెమళ్ళు తెప్పించుకోలేదా అని బైబులు బాగా చదివినవారు అడగవచ్చు. తెప్పించుకున్నాడు. మూడేళ్ళకొకసారి ఓడలు వచ్చేవని రాజుల మొదటి గ్రంథము 10వ అధ్యాయం చెబుతుంది. అక్కడ నెమలికి వాడిన హీబ్రూ మాట మన దక్షిణ దేశపు ‘తోకై’ నుంచి, అంటే మన తోకకు చుట్టమైన మాట నుంచి వచ్చిందని కొందరు పండితులు అంటారు. అంటే మన నెమళ్ళే ఆ రోజుల్లో ఓడలెక్కాయేమో! కాని ఆ వైభవం ఎక్కడికి చేరిందో తరువాతి అధ్యాయాలు చెబుతాయి, రాజ్యం రెండుగా చీలింది. తరువాత దంతపు మంచాలమీద పడుకుని పేదల గోడు వినని ధనికులను ఆమోసు ప్రవక్త గట్టిగా మందలించాడు. గ్రంథంలో ఒకరు చేశారని రాసినంత మాత్రాన అది మనకు మాదిరి కాదు.

మాదిరి కావాలంటే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది, మన ప్రసంగాల్లో దాన్ని ఎక్కువగా తలచుకోము. దారిలో పక్షిగూడు కనబడితే, పిల్లలమీద పొదుగుతున్న తల్లిని పట్టరాదు, పోనివ్వాలి. అలా చేసినవారు మేలు పొంది దీర్ఘకాలం జీవిస్తారని వాగ్దానం కూడా ఉంది. తల్లిదండ్రులను గౌరవించమన్న ఆజ్ఞకూ ఇదే వాగ్దానం జతపడి ఉండటం గమనించండి. గుడ్డు తీసుకోవచ్చు, తల్లిని మాత్రం వదలాలి. మనిషి అవసరానికి అనుమతి ఇస్తూనే, మళ్ళీ పుట్టే అవకాశాన్ని మూసేయవద్దన్నాడు సర్వేశ్వరుడు. సైటిస్ ఒప్పందమంతా చదివితే సారం ఇంతే. దివంగత పోపు ఫ్రాన్సిస్‌గారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో, మనవల్ల అంతరించిన జీవులు ఇక తమ ఉనికితో దేవుని మహిమపరచలేవని బాధపడ్డారు. అలా చేసే హక్కు మనకు లేదని కూడా అన్నారు.

ఇక పులిగోరు. దీనిగురించి రాస్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు, అయినా రాయాలి. పసిబిడ్డ ఉలిక్కిపడకుండా, దిష్టి తగలకుండా మెడలో పులిగోరు కట్టడం మన ప్రాంతంలో పాత అలవాటు. జ్ఞానస్నానం పొందిన బిడ్డ మెడలో ఒకే తాడుకు ఒకవైపు మరియమాత పతకం, మరొకవైపు పులిగోరు! బిడ్డను ఎవరు కాపాడుతున్నట్టు? ఇలాంటి రక్షరేకులు, తాయెత్తులు ధరించడం తప్పని సత్యోపదేశం 2117వ పేరా చెబుతుంది. కాబట్టి ఇక్కడ మొదటి ఆజ్ఞా మీరినట్టే, ఏడవదీ మీరినట్టే. నక్కకొమ్ముదీ ఇదే వరస. బజారులో అమ్మే పులిగోళ్ళలో పశువుల కొమ్ముతో చెక్కినవే ఎక్కువ, మాది దొంగదే ఫాదర్ అని నవ్వేవారుంటారు. నిజమైనదనుకుని కొన్నవాడి మనస్సాక్షి ముందు ఆ సమాధానం నిలవదు. 2023 అక్టోబరులో కర్ణాటకలో ఒక టీవీ పోటీలో పాల్గొంటున్న వ్యక్తి మెడలో పులిగోరు చూసి అటవీ అధికారులు అక్కడికే వచ్చి అతణ్ణి అరెస్టు చేశారు. మన బిడ్డ మెడలో దానితో విమానం ఎక్కిస్తే, ఏ ఊరి అధికారి చూస్తాడో ఎవరికి తెలుసు?

మన తెలుగులో ఒక సామెత ఉంది, దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని. పూర్వం నీతిశాస్త్ర పండితులలో కూడా కొందరు దీనికి దగ్గరగా వాదించారు. కొన్ని చట్టాలు, ముఖ్యంగా సుంకాల చట్టాలు, మనస్సాక్షిని బంధించవనీ, పట్టుబడితే జరిమానా కట్టేస్తే చాలుననీ వారి వాదన. ఈ వాదనను నేను ఎన్నడూ మెచ్చుకోలేదు. ద్వితీయ వాటికన్ మహాసభ 1965లో, ఆధునిక ప్రపంచంలో శ్రీసభ గురించి ఇచ్చిన పత్రంలో, 30వ పేరాలో, న్యాయమైన పన్నులనూ సమాజ నియమాలనూ చులకన చేసేవారిని తప్పుపట్టింది. పోనీ, ఆ పాత వాదన ఒక బట్టల మూటపై కట్టే సుంకం విషయంలో కొంత చెల్లుతుందనుకుందాం. ఇక్కడ ఎలా చెల్లుతుంది? సుంకం ఎగ్గొడితే ఖజానాకు లోటు, రేపు పూడ్చుకోవచ్చు. చచ్చిన ఏనుగును జరిమానా లేపదు. మనం కొనుక్కున్న ఒక్క వస్తువు అక్కడ రెండవ దానికి బేరం తెస్తుంది. కాశ్మీరు వైపు షాతూష్ అనే శాలువా ఉండేది, ఉంగరంలోంచి దూరిపోయేంత సన్నమని గొప్ప. ఒక్క శాలువాకు మూడు నాలుగు టిబెట్టు జింకలు చావాలి. బ్రతికుండగా ఆ బొచ్చు ఎవరూ కత్తిరించరు. కొన్నవారంతా ఇది రాలిన బొచ్చేనట అని నమ్మారు, నమ్మడం సుఖంగా ఉంటుంది గనుక. పౌలుగారు రోమీయులకు రాసిన లేఖ 13వ అధ్యాయంలో, అధికారులకు లోబడడం శిక్షకు భయపడి మాత్రమే కాక మనస్సాక్షి కోసం అన్నారు. సోదా లేని దారిలో కూడా మనస్సాక్షి మనతోనే వస్తుంది.

శిక్ష ఎవరు అనుభవిస్తున్నారో కూడా చూడాలి. 2015 ఏప్రిల్ 7, పాస్కా పండుగ వెళ్ళిన మంగళవారం. మనం ఇంకా అల్లెలూయా పాడుకుంటున్నాం. ఆ రోజు తెల్లవారుజామున శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి ఎర్రచందనం నరకడానికి వచ్చినవారని పోలీసులు అన్నారు. ఆ కాల్పుల న్యాయాన్యాయాలపై కోర్టులు, మానవహక్కుల సంఘంవారు ప్రశ్నలు వేశారు. అది ఈ పుటలో తేలే విషయం కాదు. ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా అడవిగా పెరగదు. దాన్ని విదేశంలో కొనేవాడు, దానితో బల్లలు, బొమ్మలు చేయించుకునేవాడు ఆ మంగళవారం ఎక్కడున్నాడు? ఆకాను అంగీకి 36 మంది వెల కట్టారు. ఇక్కడ 20 మంది. వారి పెళ్ళాంబిడ్డలను కూడా కలుపుకుంటే ఎంతమందో! ఎర్రచందనం ముక్కైనా, బొమ్మైనా అనుమతి పత్రం లేకుండా దేశం దాటించకండి.

తల్లిదండ్రులారా, పరదేశం వెళ్ళే మీ బిడ్డలకు ఒక మాట గట్టిగా చెప్పండి. ఎవరో తెలిసినవారు వచ్చి, బాబూ, ఈ చిన్న పొట్లం మా పెద్దోడికి అందించి పుణ్యం కట్టుకో నాయనా అంటారు. మొహమాటం మన జాతి గుణం, కాదనలేం. కాదనక్కరలేదు కూడా. విప్పి చూపించమని అడగాలి. విప్పడానికి ఇష్టపడకపోతే తీసుకోకూడదు. నామీద నమ్మకం లేదా అని ఆ మావయ్య ముఖం మాడ్చుకున్నా పరవాలేదు, రెండు రోజుల్లో సర్దుకుంటుంది. బెన్యామీను కోసం తానే బానిసగా ఉంటానని యూదా అన్న ముందుకు వచ్చాడు. విమానాశ్రయంలో అలా వచ్చే అన్న ఉండడు, వచ్చినా ఒకరికి బదులు మరొకరిని చట్టం ఒప్పుకోదు. బొమ్మలు వేసే పిల్లలున్న ఇంట్లో మరో సంగతి. ముంగిస వెంట్రుకలతో చేసిన కుంచెలు మన దేశంలో నిషిద్ధం, ఇంకా దొంగచాటుగా అమ్ముతున్నారు. కొనేటప్పుడు అడగండి.

మరి తాతల నాటి దుప్పి కొమ్ములు, చిరుత తోలు ఇంట్లో ఉంటే? 1972 చట్టం వచ్చినప్పుడే వాటిని నమోదు చేయించుకుని యాజమాన్య ధ్రువపత్రం తీసుకోవాలన్నారు. 2003లో మరోసారి 180 రోజుల గడువు ఇచ్చారు. అప్పుడు తీసుకున్న పత్రం ఉన్నవారు, ఇక వద్దనుకుంటే, ప్రభుత్వానికి స్వచ్ఛందంగా అప్పగించే వీలు 2022 సవరణలో ఉంది. దానికి పరిహారం ఇవ్వరు. పత్రం లేనివారు దాన్ని పొరుగువారికి ఇవ్వడం, అమ్మడం, రాత్రిపూట ఏటిలో పారేయడం చేయకూడదు. ముందు ఒక మంచి వకీలును కలిసి, ఆయన సలహాతో అటవీశాఖవారి దగ్గరకు వెళ్ళడం మేలు. పాపసంకీర్తనంలో చెప్పుకోవచ్చు, తప్పక చెప్పుకోండి, గురువు క్షమాపణ ఇస్తారు. కాని ఇతరుల సొత్తు ఇంట్లో ఉంచుకుని పొందే క్షమాపణ సగంలో ఆగిపోతుంది, జక్కయ్య ఆ సంగతి మనకంటే బాగా గ్రహించాడు.

ప్రభువు పిచ్చుకల లెక్క చెప్పినప్పుడు ఒక విచిత్రం ఉంది. మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. లూకా సువార్తలో రెండు కాసులకు అయిదు. అంటే నాలుగు కొంటే అయిదవది కొసరు. వెల లేని ఆ కొసరు పిచ్చుకను కూడా దేవుడు మరువడని ప్రభువు అన్నారు. కేకు డబ్బాలోని బల్లి లెక్క కూడా ఆయన దగ్గర ఉండి ఉంటుంది.

ఏం తీసుకువెళ్ళమంటారు మరి, ఉత్త చేతులతో వెళ్ళమంటారా అని మా విచారణలో ఒక పెద్దమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. మన జిల్లాలోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రతో, లక్కతో, సహజమైన రంగులతో అక్కడి పనివాళ్ళు చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పులిగోరుకు బదులు మనవడి చేతికి ఒక ఏటికొప్పాక బుగరీ ఇవ్వండి. అనకాపల్లి బెల్లం ఉంది, మాడుగుల హల్వా ఉంది. ఆస్ట్రేలియా వెళ్ళేవారు మాత్రం విమానంలో ఇచ్చే కాగితంలో హల్వా సంగతి కూడా రాయాలి. తినేది ఏదైనా అక్కడ చెప్పి తీరాలి, పైగా అందులో నెయ్యి ఉంది. రాసి చూపిస్తే మహా అయితే డబ్బా తీసుకుంటారు, మనిషిని పంపేస్తారు.